జంపఖానా పరిచిన మేస్త్రి

నారాయణఖేడ్ల ఏ గోడ వంకరొచ్చినా "సిరాజ్ మేస్త్రిని పిలువున్రి" అనెటోళ్లు. మనిషి పొట్టి, నోరు పెద్దది. పొద్దుగాల గోవ ఎక్కిండంటె, గోవ అంటె గోడ కట్టెటందుకు నిలబడె కర్రల మంచె, ఇగ పొద్దుగూకెదాంక ఆ నోరు మూతపడకపోయేది. తిట్టుడు, నవ్విచ్చుడు, మళ్ల తిట్టుడు. "ఏంది మల్లప్పా, సిమెంటు మాలు కలుపుమంటె అంబలి కాస్తున్నవా?" అని పైనుంచి ఒర్రితె, కిందికెళ్లి మల్లప్ప "తాగుతవా సిరాజన్నా, ఉప్పేసి పంపిస్త" అనెటోడు. గట్ల నడిచేది పని. గసొంటి మనిషిని ఇయ్యాల పది మాటలు అడిగితె ఒక్క మాట చెప్తడు, గది సుత మొకం పక్కకు తిప్పి. ఊరోళ్లు తలొక మాట అంటరు. అనెటోళ్లకేంది, ఎద్దు పుండు కాకికి నొప్పా?

పూరా పేరు సిరాజుద్దీన్. తండ్రి పండుగలొస్తె ఇండ్లకు సున్నమేసెటోడు. తండ్రి ఎక్కిన నిచ్చెన పట్టుకోని నిలబడుకుంటనే పిలగాడు పెరిగిండు. మీసమొచ్చినంక పట్నం పోయి ఒక పెద్ద మేస్త్రి చేతికింద తాపీ పట్టిండు. మనూర్ దిక్కు అఖ్తర్ బేగంను పెండ్లి చేసుకున్నడు. పెండ్లయిన నెలకే ఇద్దరు మూట కట్టుకోని పట్నం బస్సెక్కిన్రు. ఖేడ్ దిక్కు గంతే గదా, వాన పడితె చేను, పడకపోతె పట్నం. ఆయన గోడ కడుతుంటె ఆమె తట్టలు మోసేది. కట్టెడిది నాలుగంతస్తుల బంగ్లా, పండెడిది దాని ముంగల ప్లాస్టిక్ కవరు కింద. బంగ్లా పూర్తయితె కవరు పీకి ఇంకో బంగ్లా కాడికి పోవుడు.

అట్ల తిరుగుకుంటనే జావేద్ పుట్టిండు. రెండేండ్లు నిండకముందే జరమొచ్చి పోయిండు. పట్నంలనే ఏదో గల్లీల ఉన్న ఖబరస్తాన్ల మట్టిచ్చి, మరునాడు మళ్ల పనిల దిగిన్రు. కొన్నేండ్లకు అఖ్తర్ "నా కొడుకును పండవెట్టిన జాగ ఒక్కసారి చూపియ్యి" అంటె తోల్కపోయిండు. రోడ్డు వెడల్పయింది, గల్లీలు మారినయి, ఎంత తిరిగినా ఆ జాగ దొర్కలే. నడిరోడ్డు మీద కూలబడి ఏడ్చింది ఆ తల్లి. గప్పటి సంది పట్నం పేరెత్తితె చాలు, ఆమె మొకం మాడిపోయేది.

జావేద్ ఎన్క పుట్టిన బిడ్డ మెహ్‌జబీన్‌కు బడికి పోయె ఈడొచ్చినంక ఆమె ఇగ మొండికేసింది. ఇంట్ల వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూలనే గని మనం తెలుగుల చెప్పుకుందాం.

"అజీ, నేను పట్నం రాను. నువ్వు పోతె పో," అన్నది.

"ఈడ ఏం తింటం?"

"ఏమన్న తింటం. ఏం లేకుంటె పస్తుంటం. మూట లెక్క పిల్లను ఎన్ని జాగలకు తిప్పుతవ్? నేను తట్ట మోసిన, చాలు. నా బిడ్డ నెత్తి మీదికి తట్ట రావద్దు. అది ఖేడ్లనే ఉండాలె, సదువుకోవాలె."

ఇంటి ముంగల కయ్యాలకు సిరాజ్ ఎన్నడు ఎనుకకు పోలే గని భార్యతోని మాత్రం గెలువలే. ఖేడ్లనే ఉండిపోయిన్రు. ఒకనాడు పనుంటె రెండు నాళ్లు లేకపోయేది. గోడకు మాటేసుడు, బండలేసుడు, కల్హేర్ల ఎవరిదో కొట్టం కట్టుడు, ఏది దొరికితె అది చేసిండు. ఆమె కుట్టుమిషను తొక్కింది. పిల్ల మాత్రం ఒక్క దినం బడి తప్పలే. పదిల మంచి మార్కులొచ్చి ఖేడ్ కాలేజీలనే ఇంటర్ల చేరిన నాడు అఖ్తర్ గల్లీ గల్లీ తిరిగి మిఠాయి పంచింది. "మా ఖాందాన్ల కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల" అని ఎవలు అడగకున్నా చెప్పింది. ఎవలన్న జర తక్కువ మురిసినట్టు కనిపిస్తె వాళ్లకు ఇంకోసారి చెప్పింది.

గా ఏడే, రెండువేల పన్నెండుల, నర్సింగ్ అనెటాయన బస్టాండు ఎన్క మూడంతస్తుల బిల్డింగు ఎత్తిండు. కింద దుకాండ్లు, పైన పెద్ద హాలు, రూములు. రెండేండ్ల పని. సిరాజ్‌ను పెద్ద మేస్త్రిగ పెట్టుకున్నడు. కంగ్టి దిక్కుకెళ్లి పట్నం పోవాల్సిన మల్లప్ప, ఆయన పెండ్లాం కాశమ్మ, ఇంకిన్ని జంటలు ఖేడ్లనే దిగిపోయిన్రు. "సిరాజన్నా, నీ పుణ్యాన ఈసారి మా అత్త ముసల్దాని కండ్ల ముంగల ఉన్నం" అని కాశమ్మ అన్నది. పిల్ల ఇంటర్ పూర్తయెదాంక ఇగ ఫికర్ లేదని అఖ్తర్ అల్లాకు షుకర్ చెప్పుకున్నది. ఆ దినాలల్ల సిరాజ్ తిట్లు సుత ఊరికినే తియ్యగుండె.

రెండో అంతస్తు స్లాబుల ఒక బొక్క ఇడిసిపెట్టిన్రు. దాని మీద మూడు కర్రలు నిలబెట్టి గిరక కట్టి, ఇటుకలు, మాలు కిందికెళ్లి గుంజెటోళ్లు. గంప పట్టేంత బొక్క. మొదటంతస్తుల సుత సరిగ్గ దాని కిందనే ఇంకొకటి. తొంగి చూస్తె సీదా నేల మీద ఇటుకల కుప్ప కనపడేది. పనంత అయినంక పూడుస్తరు. మన దిక్కు ఎవలైనా గట్లనే చేస్తరు, ఎవలకు తప్పనిపియ్యలే.

గప్పుడే తెలిసింది, జిల్లా నుంచి తనిఖీ సాబ్ తిరుగుతుండని. పైనుంచి మనిషి పడే సందు యాడ కనపడ్డా పని బంద్ పెట్టిస్తుండట. ఇంకో ఊర్ల ఒక బిల్డింగు బంద్ పెట్టిస్తె కూలోళ్లంత మూటలు సదురుకున్నరట. నర్సింగ్ ఉరుకులాడిండు. కింద పడకుంట నడుముకు కట్టుకునె పట్టీలు యాడికెళ్లో తెచ్చిండు. గోవకు అడ్డకర్రలు కట్టిచ్చిండు. మెట్ల పక్కన బొంగులు కట్టిచ్చిండు. బొక్క చుట్టు కంచె కట్టె పని ఒక్కటి మిగిలింది. సాబ్ వచ్చెడిది రేపు గదా, పొద్దుగాల చేద్దామనుకున్నరు.

సాబ్ రేపు రాలే, ఇయ్యాలనే వచ్చిండు. "నిజాంపేట దాటింది జీపు" అని నర్సింగ్‌కు ఫోనొచ్చింది. ఆయన మొకం సున్నం కొట్టినట్టయింది.

"సిరాజన్నా, గా బొక్క! గా బొక్క చూసిండంటె మన కొంప మునుగుతది!"

"పైకి రాకుంట చూడరాదు?"

"రాకుంటుంటడా? గదే చూడనీకె వస్తుండు!"

బొక్క మీద కప్పుదామంటె రేకులన్ని పచ్చి ఆరని మూడో స్లాబు కింద ఇరికి ఉన్నయి, పీకరాదు. కర్రలు కోసి కంచె కట్టెటంత టైం లేదు. గప్పుడు సిరాజ్‌కు ఒక ఉపాయం తట్టింది. అయ్యో, తట్టకపోతె ఎంత బాగుండు! మన దిక్కు పెద్దమనిషి వస్తె నేల మీద నిలబెట్టం గదా. జంపఖానా పరుస్తం, కుర్సీ ఏస్తం, చాయ పోస్తం. పెండ్లికైనా, పంచాయితీకైనా గదే మర్యాద. బొక్క మీద జంపఖానా పరిస్తె ఎవలకు అనుమానమొస్తది?

సైకిలెక్కి ఇంటికి ఉరికిండు. అఖ్తర్ ఇంట్ల లేదు, మిషను దారానికి బజారుకు పోయింది. సందూక్ తెరిచి, ఆమె తల్లి పెండ్లికి పెట్టిన ఎర్ర జంపఖానా గుంజిండు. పండుగలకు, ప్రవక్తను తలుసుకునె మిలాద్ ఇంట్ల అయితె తప్ప ఆమె దాన్ని బయటికి తియ్యది. తీస్తె సుత "చెప్పులిడువున్రి, చెప్పులిడువున్రి" అని దర్వాజల నిలబడ్తది. అడిగితె ఇయ్యదని ఆయనకు తెల్సు. అందుకే అడగలే.

మెహ్‌జబీన్ తండ్రిని చూసింది. "అబ్బా, అమ్మీ చంపుతది నిన్ను."

"రెండు గంటలల్ల తెచ్చి పెడ్త. చెప్పకు," అని నవ్వుకుంట పోయిండు.

గిరక తీసి పక్కకు దాసిన్రు. బొక్క మీద రెండు సన్న కట్టెలు, వాటి మీద ఖాళీ సిమెంటు సంచులు, ఆ మీద జంపఖానా. బొక్క దిక్కు మనిషి నడువకుంట మల్లప్పను ఆ కొసకు నిలబెట్టిండు. "నువ్వు కదిలినవంటె నా సావు చూస్తవ్" అన్నడు. కుర్సీలు ఈ కొసకు ఏసిండు. ఎన్కకు జరిగి చూసుకున్నడు. నున్నగ, ముచ్చటగ ఉన్నది. తను కట్టిన గోడను చూసుకున్నట్టే చూసుకున్నడు.

సాబ్ చెడ్డోడు కాదు. సన్నటి మనిషి, అద్దాలు. గోవ కర్రలు చేత్తోని ఊపి చూసిండు. పట్టీలు గుంజి చూసిండు. రెండో అంతస్తుకెక్కి జంపఖానా చూసి ఇబ్బంది పడ్డడు.

"ఇదంతా ఎందుకు మేస్త్రీ, నేను పెళ్లికి రాలేదు గదా," అన్నడు. అయినా మర్యాద కాదనలేక బూట్లు ఇడిసి కొసకు ఏసిన కుర్సీల కూసున్నడు. చాయ తాగుకుంట అన్నడు, "నిరుడు ఒక ఊళ్లో ఒకామె స్లాబు సందులోంచి కిందపడి చనిపోయింది. ముగ్గురు పిల్లలు. చిన్నపిల్ల నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. అప్పటినుంచి ఒక్క బిల్డింగు కూడా చూడకుండా పోను. మీ దగ్గర అన్నీ సక్కగున్నాయి. సంతోషం."

సిరాజ్ నోరు తెరిచిండు. ఒక్క మాట, "సాబ్, గీడ..." అంటె చాలు. నర్సింగ్ ఆయన దిక్కు చూసిండు. మల్లప్ప చూసిండు. పట్టీ కట్టుకోని బొమ్మ లెక్క నిలబడ్డ కాశమ్మ చూసింది. మెహ్‌జబీన్ కాలేజీ కండ్ల ముంగల మెదిలింది. "ఇంకో కప్పు చాయ పొయ్యనా సాబ్?" అన్నడు.

సాబ్ లేచిండు. లేస్తె ఏముంది, మనకు సాగనంపె అలవాటు గదా! నర్సింగ్ ముంగల, సిరాజ్ ఎన్క, కూలోళ్లంత ఎన్కెన్క. ఇగ గండం గడిచిందన్న ఖుషీల మల్లప్ప సుత జాగ ఇడిసి అందరితోని దిగిండు. జీపు కాడ దండాలు, సలాములు. పైన ఒక్కడంటె ఒక్కడు లేడు.

అఖ్తర్ గప్పటికే ఇంటికొచ్చింది. సందూక్ తెరిచి ఉన్నది. "ఏదే జంపఖానా?" అంటె పిల్ల దాస్తదా? "అబ్బా తీస్కపోయిండు, సాబ్ వస్తుండట" అన్నది. "హాయ్ అల్లా! సిమెంటుల ఏస్తడా నా జంపఖానా! నాకొక్క మాట చెప్పొద్దా!" అని బుర్ఖా సుత సక్కగ ఏసుకోకుంట గల్లీల పడ్డది. ఎనుక దిక్కు మెట్లకెళ్లి పైకెక్కింది. ఆమెకు ఆ బొక్క సంగతే తెల్వది. తట్ట మోసుడు ఎన్నడో ఇడిసిన మనిషి, ఆ బిల్డింగు పైకి ఒక్కనాడు ఎక్కనే లేదు. జంపఖానా మీద సిమెంటు కాళ్ల అచ్చులు కనపడ్డయి. గుంజుదామని నడుమకు నడిచింది.

సిరాజ్ చెయ్యి సలాముకు లేచే ఉండె. ఎన్క ఏదో పడ్డ సప్పుడైంది. ఇటుకలు జారినయనుకున్నడు. కాశమ్మ ఒర్రిన ఒర్రుడుకు మళ్లి చూసిండు.

ఆటోల ఏసుకోని దవాఖానకు తీస్కపోయిన్రు. ఒళ్లె ఆమె తల పెట్టుకోని సిరాజ్ "అఖ్తర్, ఇగో నేనున్న, నన్ను తిట్టు, జర తిట్టు" అన్నడు. దవాఖాన గేటు కాడికి పోకముందే ఆమె పానం పోయింది. ఆయనకు తెలిసింది గని డ్రైవరును "జల్దీ, జల్దీ" అనుడు ఇడువలే.

మట్టిచ్చినంక ఇంట్లకొస్తె మెహ్‌జబీన్ గోడకు ఆనుకోని కూసున్నది. ఏడ్వనే ఏడుస్తలేదు. తండ్రిని చూసి అన్నది, "అబ్బా, నువ్వు చెప్పద్దన్నవ్. నేను చెప్పిన. చెప్పకుంటె అమ్మీ పోకపోతుండె. నేనే చంపిన గదా?"

సిరాజ్ బిడ్డను దగ్గరికి తీసుకోని భోరున ఏడ్చిండు. "నీది కాదు బిడ్డా, నీది కాదు" అన్నడు గని, మరి ఎవలదో చెప్పనీకె నోరు రాలే.

మూడో దినం, సమాధి కాడ దువా చదివే జియారత్ అయినంక నర్సింగ్ వచ్చిండు. మల్లప్ప, కాశమ్మ ఎంబడున్నరు.

"సిరాజన్నా, అయిందేదో అయింది. పోయిన మనిషి తిరిగొస్తదా? రేపు సాబ్ మళ్ల వస్తుండు. జంపఖానా కింద బొక్క ఉండెనన్న మాట మాత్రం ఎత్తకు. ఎత్తితె పని బంద్, ఈళ్లందరు పట్నం బాట పట్టాలె. నీ బిడ్డ సదువు సుత ఆగుతది. ఆమె కోరింది గదే గదా, పిల్ల సదువు?"

కాశమ్మ చెంగు నోట్ల కుక్కుకున్నది. మల్లప్ప రెండు చేతులు జోడిచ్చిండు. "అన్నా, నిన్నేమడగాలె. అఖ్తరక్క నాకు సుత అక్కనే. గని ముసల్ది మంచంల ఉన్నది," అన్నడు. నర్సింగ్ చెప్పిన మాట తప్పు కాదని సిరాజ్‌కు సుత తెల్సు. అఖ్తర్ పోనే పోయింది, ఆమె మాటనన్న దక్కిద్దాం, ఒక్క అబద్ధం, ఒక్కటే, అనుకున్నడు. చెప్పొద్దనే నిర్ణయం తోని మరునాడు బిల్డింగు కాడికి పోయిండు.

సాబ్ మొకం పీక్కపోయి ఉన్నది. "ఎట్లా జరిగింది?" అని అడిగిండు. నర్సింగే అన్నడు, "బొక్క తెరిచే ఉండె సాబ్. మీరు పోయినంక పనికోసం అప్పుడే తెరిచినం. ఆమెనే చూసుకోలే. పాపం, ఆమెకు చూపు మందం. జర తిక్కతిక్కగ నడిచే మనిషి."

సాబ్ రాసుకోబోయిండు.

"ఎవలకు చూపు మందం?" అన్నడు సిరాజ్.

నర్సింగ్ భుజం మీద చెయ్యేసిండు. ఆ చెయ్యి ఇసిరికొట్టిండు.

"నా పెండ్లాంకు చూపు మందమా? దీపం ఎలుగుల సూదిల దారం ఎక్కిచ్చేది సాబ్ ఆమె! బియ్యంల రాయి నా పంటికి ఒక్కనాడు తగులలే! తిక్కతిక్కగ నడిచేదా? నెత్తి మీద తట్ట, సంకల పిల్ల, నాలుగంతస్తులు ఎక్కింది, ఒక్క ఇటుక జారనియ్యలే. ఆమె తప్పు లేదు. నేను పరిచిన జంపఖానా. మీరు కూసున్న జంపఖానా కిందనే ఉండె సాబ్ బొక్క. నేనే మూసిన, నా చేతులతోని."

సాబ్ చేతిల పెన్ను ఆగింది. "తెలిసి తెలిసి ఎందుకు చేసినవ్ మేస్త్రీ?" అన్నడు. కోపం కాదు అది, ఏడుపు.

"పని బంద్ అయితదని. బంద్ అయితె పట్నం పోవాలె. ఆమెకు పట్నం ఇష్టం లేకుండె సాబ్. ఆమె కోసమే పరిచిన."

సాబ్ ఆ బొక్క కాడికి పోయి కిందికి తొంగి చూసిండు. "నేను కూడా లేపి చూడలేదు," అన్నడు మెల్లగ. పోయెటప్పుడు పని బంద్ పెట్టించి పోయిండు. పెట్టియ్యకుంట ఎట్లుంటడు?

ఇంటికొచ్చి బిడ్డ ముంగల కూసోని చెప్పిండు, ఒక్క ముక్క దాయకుంట. "ఇన్నవా? నేను చేసిన. నువ్వు కాదు. బతికున్నంత కాలం నువ్వు కాదు." మెహ్‌జబీన్ లేచి లోపటికి పోయింది. రెండు దినాలు తండ్రితోని మాట్లాడలే. మూడో దినం అన్నం పెట్టింది. గప్పుడు ఏడ్చింది.

మల్లప్ప, కాశమ్మ వారం తిరగకముందే పోయిన్రు. పోతూ కాశమ్మ దర్వాజ కాడ ఆగింది. "మంచి పని చేసినవ్ సిరాజన్నా" అంటదేమో అనుకున్నరు గల్లీ వాళ్లు. ఆమె గట్లనలే. కోపం సుత చెయ్యలే. "పోయొస్తం," అని మూట ఎత్తుకున్నది.

ఇగ ఖేడ్ల ఆయన్ను పనికి పిలిచినోడు లేడు. కొందరికి భయం, కొందరికి కోపం. పెండ్లాంను చంపుకున్నోడు కడితె ఇల్లు నిలుస్తదా అన్నరు మరికొందరు. థూ, ఏం నోర్లవి! మూడు నెలలు చూసిండు. కాలేజీకి పోవాల్సిన బిడ్డ, తల్లి మిషను మీద కూసోని పక్కింటోళ్ల జాకెట్లు కుడుతుంటె చూసిండు. ఇంట్ల డబ్బాలన్ని బోర్లపడ్డయి.

ఒక శుక్రవారం నమాజ్ అయినంక అఖ్తర్ కాడికి పోయిండు. మట్టి ఇంక కుదురుకోలే. "అఖ్తర్, పట్నం పోతున్న," అన్నడు. ఇంకేదో చెప్పాలనుకున్నడు. బిడ్డను సుత తోల్కపోతున్నననే మాట నోట్లకెళ్లి రాలే. ఒక్కతిని ఇంట్ల ఇడిసిపెట్టలేడు గదా. లేచి చేతులు దులుపుకోని వచ్చిండు.

పట్నంల పదంతస్తుల బిల్డింగు. మొదటి దినం పొద్దుగాల పని చూసెటోడు ఆయన చేతులు చూసి, "మంచి మేస్త్రివే లెక్కున్నవ్. మరి నీకు మాలు అందిచ్చెటోళ్లేరి?" అన్నడు. సిరాజ్ నోరు తెరిచెలోపే మెహ్‌జబీన్ ముంగలికొచ్చింది. చున్నీ నడుముకు బిగిచ్చి కట్టుకున్నది. పాత బట్ట చుట్టి నెత్తి మీద పెట్టుకున్నది గని, అలవాటు లేక అది పక్కకు జారుతుండె. సిరాజ్ దాన్ని సక్కగ చేసిండు.

మాలు నిండిన తట్టను ఎంత బలమున్నోళ్లయినా తమకు తాము నెత్తికెత్తుకోలేరు. ఇంకొకరు ఎత్తి పెట్టాలె. ఆడ చేతులు ఖాళీగున్నోళ్లు ఇంకెవలు లేరు.

"ఎత్తు అబ్బా," అన్నది పిల్ల.

సిరాజుద్దీన్ వంగిండు. రెండు చేతులతోని తట్ట లేపి, బిడ్డ నెత్తి మీద పెట్టిండు.